తొమ్మిది సెకన్లు

స్టోరీకి రెండొందల యాభై ఇస్తారు నాకు,
పెట్రోలు నాదే.
జమ్మలమడుగు స్ట్రింగర్ని.
గండికోటలో కాలు జారిన టూరిస్టూ,
మైలవరం గేట్లూ, ఉల్లిగడ్డల లారీ బోల్తా
అన్నీ నేనే.

హైదరాబాదు డెస్కు నుంచి ఫోను:
"మీ దిక్కు పాస్టర్లు ఎక్కువంట కదా,
ఊగిపోయే విజువల్స్ కావాలి.
కళ్ళు మూసుకున్నవి, చేతులెత్తినవి.
ఏడ్చేవాళ్ళుంటే క్లోజప్."

నాకు దగ్గరగా తెలిసిన పాస్టరు ఒక్కడే,
దానమయ్య.
సోమవారం నుంచి శనివారం దాకా
పాలిష్ ఫ్యాక్టరీలో
నాపబండల మీద నీళ్ళు కొడుతుంటాడు.
ఆదివారం తెల్లచొక్కా తొడిగినా
చెవుల వెనక బూడిదరంగు వదలదు.
రేకుల షెడ్డు, పదిహేడు చాపలు,
గొంతు బొంగురుపోయిన ఒక మైకు.

నలభై మూడు నిమిషాలు తీశాను.

అందులో దానమయ్య వాక్యం మరిచిపోయి
ముందు వరసలో సువార్తమ్మ వైపు చూస్తాడు,
చదువురాని ఆమె అందిస్తుంది.
జ్వరమొచ్చిన పిల్లోణ్ణి ఒళ్ళోకి తీసుకుని
"ప్రార్థన నేను చేస్తా, సూది మాత్రం
ప్రొద్దుటూరులో ఏయించల్ల" అంటాడు.
తాగొచ్చిన కొండన్న గడపలో కూలబడితే
ప్రసంగం ఆపకుండానే
కాలితో నీళ్ళ చెంబు అటు జరుపుతాడు.

వాళ్ళు వాడుకున్నది తొమ్మిది సెకన్లు.
వేగం తగ్గించి, రెండుసార్లు తిప్పి,
అడుగున బుసకొట్టే సంగీతం పోసి.
ఎత్తిన చేతుల నడుమ ఒక ఎర్ర సున్న,
ఆ సున్నలో మా అమ్మ ముఖం.

అమ్మ ఏడ్చింది నిజమే.
ఎందుకేడ్చిందో నాకు తెలుసు,
కారణం నేనే.
ఆ బైట్ డెస్కు అడగలేదు,
నేనూ పంపలేదు.

"స్వస్థత పేరుతో దందా?"
చివర్న ఆ వంకర గుర్తు చూశారా,
మా చానల్‌కు అదే లాయరు.

దందా లేదని అనను.
కడప రోడ్డులో ఒకాయన ఉన్నాడు,
నూనె సీసా మూడొందలు,
కారు కన్నా కారు నంబరుకే ఎక్కువ పోశాడని చెప్పుకుంటారు.
ఆయన్ని తీస్తానంటే డెస్కు నసిగింది:
పొద్దున ఐదున్నర స్లాటు ఆయనదే,
ఏడాది డబ్బు ముందే కట్టేశాడు.
తెల్లారి ఆయన బోధ.
రాత్రి తొమ్మిదికి కామెడీలో
విగ్గు పెట్టినోడు అదే గొంతుతో హల్లెలూయా,
డబ్బాలో దాచిన నవ్వులు.
ఈ రెంటికీ మధ్య
ఏ స్లాటూ కొనలేని దానమయ్య.

ముప్పై వెండి నాణేలని రాసి కొట్టేశాను.
అంత పెద్ద పోలిక నాకెందుకు,
నాకొచ్చింది రెండొందల యాభై.
అదీ వచ్చే నెలకి.

ఐడీ కార్డు మీద నేను ఓబులేసు.
షెడ్డులో తీతు.
వార్త కింద పడింది ఓబులేసు పేరే.
తీతును ఎవరూ పట్టుకోలేరు,
అమ్మ తప్ప.
ఆమె ఆ రాత్రి జొన్నరొట్టె తట్టి
నా ముందు పెట్టి
టీవీ మీద గుడ్డ కప్పింది.

ఆదివారం వెళ్ళకుండా ఉండలేకపోయాను.
దానమయ్య ఏమీ అడగలేదు.
"మైకు వైరు తెగింది అబ్బీ,
నీకు ఆ పని వస్తాది కదా."
చాప మీద కూచుని వైరు అంటించాను.
చెయ్యి వణికిందని ఆయన చూసినాడేమో,
టార్చి లైటు దగ్గరగా పట్టుకున్నాడు.

మెమొరీ కార్డు నిండింది.
రేపు కలెక్టరు పర్యటన,
చెరిపెయ్యాలి.
చెరిపేముందు చివరిదాకా తిప్పితే
కూటం అయిపోయినాక దానమయ్య
గ్లాసులు కడుగుతూ
కెమెరా వైపు తిరిగి అడుగుతున్నాడు:

"ఇది గూడా వస్తాదా అబ్బీ, టీవీలో?"

నా గొంతు, కెమెరా వెనక నుంచి:
"వస్తాది."